నూట పదిహేడో నంబరు చివరి పదహారు పేజీలు

పాడేరులో వరహాలరావు కొట్టు బోర్డు మీద రెండు వాక్యాలుండేవి. పైన ‘గొడుగులు బాగుచేయబడును’. కింద కాస్త చిన్న అక్షరాల్లో ‘నవలలు అద్దెకివ్వబడును’. ఏడాదిలో సగం రోజులు వాన కురిసే ఊళ్ళో మనిషికి కావలసినవి ఈ రెండేనని కనిపెట్టినందుకు అతనికి అప్పుడే ఓ దండం పెట్టాల్సింది. పెట్టలేదు. తరవాత ఎనిమిదేళ్ళ పాటు తిట్టుకుంటూ తిరిగాను.

1995లో మా ఆయన భాస్కరరావు గారికి పాడేరు బదిలీ అయింది. ఆయనది బోర్లు వేయించే ఉద్యోగం. రాళ్ళని చూసి ఎక్కడ నీళ్ళు పడతాయో చెబుతారు. నీళ్ళు పడితే రాళ్ళకి పేరు, పడకపోతే ఆయనకి. నాది బి.ఏ., ఆ పైన వంట. ఆ ఊరొచ్చిన మొదటి నెల చదవడానికేమీ దొరక్క గోడకి తగిలించిన క్యాలెండరులో రాహుకాలాలతో సహా అన్నీ చదివేశాను. రెండో నెలలో గొడుగు చువ్వ విరిగింది. అలా దొరికాడు వరహాలరావు.

అతని దగ్గర రెండొందల పైచిలుకు నవలలుండేవి. వాటిని అద్దెకిచ్చే పద్ధతి మాత్రం నేను ఇంకెక్కడా చూడలేదు. ఏజెన్సీకి వచ్చే ఉద్యోగులు బదిలీ ఆర్డరు చేతిలో పడగానే అద్దె నవలతో సహా కొండ దిగిపోతారని అతనికి మనుషుల మీద ఓ అభిప్రాయం ఉండేది. అందుకని కొత్త నవల కొట్లోకి రాగానే, గొడుగు గుడ్డ కోసే కత్తితో దాని చివరి పదహారు పేజీలు కోసేసేవాడు. వాటిని విడిగా కుట్టి, నంబరు వేసి, రేకు పెట్టెలో పెట్టి తాళం వేసేవాడు. మిగతా పుస్తకం ఇంటికి తీసుకెళ్ళవచ్చు. చదివాక తెచ్చి ఇచ్చేస్తే, పెట్టెలోంచి ఆ నంబరు ముగింపు తీసి చేతిలో పెడతాడు. కొట్టు ముందున్న స్టూలు మీద కూర్చుని చదువుకోవాలి. ముగింపు గడప దాటదు.

ఆ స్టూలు బస్టాండుకి ఎదురుగా ఉండేది. బస్సు కోసం నిలబడ్డ నలభై మంది చూస్తుండగా నేను ఎందరో కథానాయికల మరణాలకి కళ్ళు తుడుచుకున్నాను. మా పక్కింటావిడ ఓ రోజు వచ్చి, ఒక గొడుగు పోతే అంత బాధ పడకూడదని ఓదార్చింది.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పాలి. నలుగురి చేతుల్లో నలిగి అట్ట ఊడిపోయిన పుస్తకాలకి వరహాలరావు పాత గొడుగుల నల్లగుడ్డతో బైండు చేసి, దాని మీద తెల్ల రంగుతో నంబరు వేసేవాడు. అట్టతో పాటు మొదటి పేజీ కూడా పోయేది కాబట్టి ఆ నవలలకి పేరుండదు, రాసినవారి పేరూ ఉండదు. అతని కొట్లో ఎవరూ పేర్లతో అడిగేవారు కాదు. ‘ముప్పై నాలుగు బాగుందా’ అనుకునేవాళ్ళం. అప్పట్లో అది ముచ్చటగానే ఉండేది.

1997 ఆగస్టులో నూట పదిహేడు తెచ్చుకున్నాను. హైమవతి అనే అమ్మాయి కథ అది. అత్తగారు కొట్టుగది తాళాలగుత్తి బొడ్లో దోపుకుని బియ్యం కొలిచి ఇస్తుంది. హైమవతి దొంగచాటుగా టైపు నేర్చుకుంటుంది. ఆ సంగతి తెలిసి అత్తగారు టైపు మిషను నూతిలో పడేయిస్తుంది. మొగుడు నూతి గట్టు మీద నిలబడి చూస్తాడు, అంతే. హైమవతి ఆ ఇల్లు వదిలి పట్నం చేరి సొంతంగా ఉద్యోగం చేసుకుంటుంది. రెండొందల అరవయ్యో పేజీలో ఒక ఉత్తరం వస్తుంది. అందులో ఏముందో రచయిత చెప్పడు. రెండొందల డెబ్బై రెండో పేజీ చివర ఆమె రేకు పెట్టె పట్టుకుని రైలెక్కుతుంది. ‘కిటికీ పక్కన కూర్చున్న మనిషిని చూసి ఆమె’ అన్న దగ్గర కత్తి పడింది.

చూసి ఏం చేసిందో కొట్లో, పెట్టెలో ఉంది. తెల్లారి వెళదామనుకున్నాను. ఆ సాయంత్రమే భాస్కరరావు గారు నర్సీపట్నం బదిలీ కాగితం పట్టుకొచ్చారు. ఘాట్ రోడ్డులో కొండచరియలు జారుతున్నాయి, దారి మూసేసేలోగా దిగిపోవాలన్నారు. మర్నాడు సామాన్ల లారీని కొట్టు ముందు ఆపించాను. తలుపులకి తాళం. వరహాలరావు చోడవరంలో పెళ్ళికి వెళ్ళాడు, నాలుగు రోజుల దాకా రాడని టీకొట్టతను చెప్పాడు.

పుస్తకం తలుపు కింద నుంచి తోసెయ్యవచ్చు. ఆ ఆలోచన వచ్చింది, అబద్ధమాడను. కానీ తోసేస్తే మొదలూ చివరా రెండూ తలుపుకి అటుపక్క ఉంటాయి, నేను ఒక్కదాన్నే ఇటుపక్క. పుస్తకం సంచీలో పెట్టుకుని లారీ ఎక్కాను. దీన్ని దొంగతనం అంటారని తెలుసు.

నర్సీపట్నం నుంచి అతనికి కార్డు రాశాను. వారంలో జవాబొచ్చింది. ‘పుస్తకము తెచ్చి ఇచ్చినచో చివర చదువుకొనవచ్చును.’ క్షేమ సమాచారం ఒక్క ముక్క లేదు. నాకు పౌరుషం వచ్చింది. లోకంలో ఇతనొక్కడిదేనా పుస్తకాల కొట్టు అనుకున్నాను. ఏడాది తరవాత పౌరుషం తగ్గి మళ్ళీ రాస్తే, ఈ చిరునామాలో ఎవరూ లేరని కార్డు వెనక్కొచ్చింది. ఇక మిగిలింది నేనూ, నా సంచీలో నూట పదిహేడూ, లోకంలోని మిగతా కొట్లూ.

పేరు తెలియని పుస్తకాన్ని కొట్లో ఎలా అడగాలో ఎవరూ నేర్పరు. నర్సీపట్నంలో మూడు కొట్లున్నాయి. మూడింట్లోనూ నేను నోరు తెరవకముందే ‘ఏ క్లాసుకమ్మా’ అని అడిగారు. కథ చెప్పబోతే రెండో కొట్టాయన తొమ్మిదో తరగతి తెలుగు గైడు తీసి ముందు పెట్టాడు. చింతపల్లిలో ఉన్న ఒక్క కొట్లో భక్తి పుస్తకాలే ఉన్నాయి. ఆయన నా కథంతా విని, ఆ అమ్మాయికి మనశ్శాంతి లేదమ్మా అని చెప్పి ఓ స్తోత్రాల పుస్తకం ఉచితంగా ఇచ్చాడు. విశాఖపట్నంలో పెద్ద కొట్టు గుమస్తా పేరడిగాడు, రచయితనడిగాడు, ప్రచురణకర్తనడిగాడు. ఏదీ తెలియదంటే కాసేపు ఆలోచించి, పోనీ ఏ రంగు అట్ట అన్నాడు. నల్లగొడుగు గుడ్డ అన్నాను. తరవాతి మనిషితో మాట్లాడటం మొదలెట్టాడు.

2001లో రంపచోడవరం బదిలీ. అక్కడి నుంచి ఓ ఆదివారం మారేడుమిల్లి చూడటానికి వెళ్ళాం. మిగతావాళ్ళు జలపాతాలు చూశారు. నేను వెదురు బొమ్మల కొట్లో పూలకుండీల వెనక ఒక అరనిండా తెలుగు నవలలు చూశాను. తీసి చూద్దామంటే కొట్టు అమ్మాయి, అవి అమ్మకానికి కావండీ, కుండీలు నిటారుగా కనబడటానికి వెనక పెట్టాం అంది. ఒక్కొక్కటి తీసి చివర చూసి పెట్టేస్తానని బతిమాలుకున్నాను. పద్నాలుగు పుస్తకాలు. ఒక్కదాన్లోనూ హైమవతి లేదు. రెండు కుండీలు పడ్డాయి. ఆ రెండూ ఇప్పటికీ మా ఇంట్లో ఉన్నాయి, పగిలిన వైపు గోడకి తిప్పి.

ఇన్నేళ్ళలో నాకు అసలు కోపం తెప్పించింది రైల్లో కిటికీ పక్కన కూర్చున్న మనిషి. అతను మొగుడని కొన్ని నెలలు, టైపు మాస్టారని ఓ రెండేళ్ళు, ఆఖరికి ఎవడైతే నాకేం, హైమవతి వెనక్కి వెళ్ళకపోతే చాలునని అనుకునేదాన్ని. అది మాత్రం ఖాయం చేసుకున్నాను. టైపు మిషను నూతిలో పడ్డాక ఏ ఆడదీ ఆ ఇంటికి పోదు. భాస్కరరావు గారు పోనీ నువ్వే ఓ ముగింపు రాసుకో అన్నారు. బోరులో నీళ్ళు పడకపోతే మీరే ఓ బిందెడు పోసి పడ్డాయని రాసుకుంటారా అన్నాను. మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

2005లో అరకు వచ్చాం. రైల్వే స్టేషను దారిలో సింహాచలం గారని రిటైరైన రైల్వే ఉద్యోగి పాత పుస్తకాల కొట్టు పెట్టారు. యాత్రికులు వదిలేసిపోయిన పుస్తకాలన్నీ పొడుగు ప్రకారం సర్ది ఉంటాయి. నేను కథ మొదలెట్టాను. మొట్టమొదటిసారి ఒక కొట్టుమనిషి శ్రద్ధగా విన్నాడు. టైపు మిషను నూతిలో పడినప్పుడు అయ్యో అన్నారు. రైలెక్కిన దగ్గర ఆగాను. ఆయన ముందుకి వంగి, “తర్వాతేమైందమ్మా?” అన్నారు.

అక్కడే కూలబడి ఏడ్చేదాన్నే. కూర్చుందామని చూస్తే, కుర్చీలో ఓ పుస్తకం ఉంది. నల్లగుడ్డ బైండు. తెల్ల రంగుతో అరవై నాలుగు. తెరిచి చివర చూశాను. వాక్యం మధ్యలో తెగిపోయింది.

ఇలాంటివి పాడేరులో గొడుగులాయన దగ్గర కిలోల లెక్కన కొన్నానని ఆయన చెప్పారు. అన్నీ అంగవైకల్యమేనని తెలిశాక రెండేళ్ళుగా అమ్ముడుపోక ఏడుస్తున్నారట. ఆ గొడుగులాయన ఎక్కడున్నాడని అడిగాను. ఎక్కడికి పోతాడు, పాడేరు బస్టాండులోనే ఉన్నాడన్నారు.

మర్నాడు సంతరోజు. పొద్దున్న బస్సుకి పాడేరులో దిగాను. వరహాలరావు నిజంగానే బస్టాండులో ఉన్నాడు. 1998లో అతను కొట్టు మార్చిన మాట వాస్తవమే. రోడ్డుకి ఇవతలి పక్కనుంచి అవతలి పక్కకి మార్చాడు. నేను దానికోసం మారేడుమిల్లి దాకా వెళ్ళాను.

బోర్డు మీద నవలల వాక్యం చెరిపేసి సెల్ ఫోన్ రీచార్జి అని రాయించాడు. జుట్టు నెరిసింది. సంచీలోంచి పుస్తకం తీసి బల్ల మీద పెట్టాను. అతను నన్ను గుర్తుపట్టలేదు గాని పుస్తకాన్ని గుర్తుపట్టాడు.

“నూట పదిహేడు. ఈ దొంగ మీరేనేటమ్మా? ఇన్నాళ్ళూ నేను సర్వే గుమస్తా అనుకుంటన్నాను. పాపం ఆయన్ని శానా మాటలనేసేను.”

ఎనిమిదేళ్ళుగా సిద్ధం చేసుకున్న తిట్లన్నీ ఆ గుమస్తా దగ్గరికి పోయాయి. ముగింపు ఇవ్వు, చదువుకుని పుస్తకం ఇచ్చేసి పోతానన్నాను. స్టూలు కోసం చూశాను. దాని మీద ఫోన్ల ఛార్జర్లున్నాయి.

ఇంటింటికీ టీవీ వచ్చాక నవలలు అడిగేవాళ్ళు పోయారని, పుస్తకాలు కిలోల్లెక్కన అమ్మేశానని చెప్పుకొచ్చాడు. ముగింపుల పెట్టె మాత్రం కిలోకి కూడా ఎవరూ తీసుకోలేదట. చదివేవాళ్ళకే ఇచ్చేశానన్నాడు. ఎవరికని అడిగితే, మన నిర్మలకి అన్నాడు, నాకు తెలిసిన మనిషి అయినట్టు.

కొంత తెలుసు కూడా. సంతరోజుల్లో కనక అనే ఆమె కొట్టు అరుగు పక్కన అడ్డాకుల విస్తర్లు పెట్టుకుని అమ్మేది. ఆమె కూతురు గిరిజన హాస్టల్లో చదువుకుంటూ, సంతకి వచ్చిన తల్లిని చూసుకోవడానికి వచ్చేది. స్టూలు ఖాళీగా ఉన్నప్పుడు ఆ గుంట దాని మీద కూర్చుని ముగింపులు చదివేది. అద్దె పుస్తకానికే గాని ముగింపుకి కాదు కదా, అందుకని వరహాలరావు ఏమీ అనేవాడు కాదు. మొత్తం నవల ఒక్కటీ చదవకుండా రెండొందల ముగింపులు చదివిన మనిషి ఈ భూమ్మీద ఆమె ఒక్కతే అయి ఉంటుంది. ఇప్పుడు తన ఊళ్ళోనే టీచరు. మధ్యాహ్నం సంతకి వస్తుందన్నాడు.

వచ్చింది. పాతికేళ్ళుంటాయి, నూలుచీర, భుజాన సంచీ. వరహాలరావు నన్ను పరిచయం చెయ్యలేదు.

“నిర్మలా, నీ నూట పదిహేడుకి మొదలొచ్చిందమ్మా” అన్నాడు.

ఆమె నా మొహం చూడలేదు. బల్ల మీద నల్లగుడ్డ వంక చూసి, “ఆ పెట్టెలో ఏటుంది మేడమ్?” అంది.

నాకు వెంటనే అర్థమైంది. హైమవతి రైలెక్కుతూ పట్టుకున్న రేకు పెట్టె. అందులో ఏముందో రెండొందల డెబ్బయ్యో పేజీలో ఉంది. చివరి పదహారు పేజీల్లో ఆ పెట్టె ఉంటుందే గాని ఎవరూ తెరవరన్నమాట. చెబుతాను, ముందు రైల్లో మనిషెవరో నువ్వు చెప్పు, అరకు నుంచి ఇందుకే వచ్చాను అన్నాను.

“చెప్తే బాగోదు మేడమ్. చదవాల. మా ఇంటికి రండి. మీ అరకు దారిలోనే.”

వరహాలరావు పుస్తకాన్ని బల్ల మీంచి తీసి నా సంచీలో తనే పెట్టాడు. మిగతావన్నీ అమ్ముకున్నాక ఇదొక్కటీ ఏం చేసుకుంటానన్నాడు.

వాళ్ళ ఊరు హుకుంపేట దాటాక రోడ్డు దిగి లోపలికి. తొమ్మిది మంది పట్టే జీపులో పంతొమ్మిది మందిమి ఎక్కాం. నా ఒళ్ళో ఎవరిదో కోడి. ఆఖరు జీపు నాలుగింటికి, అది తప్పితే రేపటిదాకా దారి లేదని డ్రైవరు ముందే చెప్పాడు. దిగేటప్పటికి మూడు దాటింది.

అరుగు మీద కనక విస్తర్లు కుడుతోంది. అడ్డాకు మీద ఆకు పెట్టి వెదురు పుల్లతో ఒక్క పొడుపు. నన్ను చూసి కూర్చోమంది, చేతులు ఆగలేదు. నిర్మల లోపలికెళ్ళి ఒక కట్ట తెచ్చి నా చేతికిచ్చింది. నేను పుస్తకం ఆమె చేతికిచ్చాను. ఇద్దరం చెరో స్తంభానికీ ఆనుకున్నాం.

ఎనిమిదేళ్ళ తరవాత, ‘చూసి ఆమె’ తరవాతి మాట చదివాను. ‘పక్కకి జరగమంది.’

అంతే. అతనెవరో కాదు, ఎవరూ కాదు. పుస్తకాల బైండింగు అట్టలమ్ముకునే ఏజెంటు. మూడు పేజీలు వానల గురించి మాట్లాడి, రెండు టీలు కొని, ఒకదాని డబ్బులు హైమవతి దగ్గర తీసుకుని, పైస్టేషనులో దిగిపోయాడు. నేను టైపు మాస్టారనుకున్న రెండేళ్ళూ గుర్తొచ్చాయి.

తరవాత హైమవతి దిగింది. ఎక్కడ? అత్తగారి ఊళ్ళో. ఉత్తరంలో ఉన్నది ముసలావిడకి పక్షవాతమనట. పెట్టె పట్టుకుని గేటు తీసుకుని లోపలికెళ్ళి, మంచం దగ్గర నిలబడి, ఆవిడ బొడ్లోంచి తాళాలగుత్తి తీసుకుని కొట్టుగది తెరిచి బియ్యం కొలిచింది. నూతి గట్టు మీద నిలబడ్డ మొగుడు ఈసారి గుమ్మంలో నిలబడ్డాడు. అయిపోయింది.

మధ్యమధ్య కొన్ని వాక్యాల మీద పెన్సిలుతో గీతలున్నాయి. గీతల కింద నుంచి చదివాను. స్త్రీ సహనం గురించి, కోడలి ధర్మం గురించి, ఆడజన్మ సార్థకం గురించి, మొత్తం మీద ఓ పేజీన్నర. ఎవరు కొట్టేశారో అడగక్కర్లేదు. నేనైతే పెన్నుతో కొట్టేసేదాన్ని.

తలెత్తాను. నిర్మల పుస్తకం తెరవనే లేదు. ఒళ్ళో పెట్టుకుని నన్నే చూస్తోంది.

“ఎంత బాగుంది కదా మేడమ్. పెట్టె అట్టుకుని తిన్నగా పోయి తాళాలు లాక్కోడం. రైల్లో వోడు మొగుడే కదా? ఆణ్ని దింపేసి పోయింది.”

ఆమె చేతిలో ఉన్న రెండొందల డెబ్బై రెండు పేజీలూ చదివితే ఆ తాళాలగుత్తి ఏమిటో తెలిసిపోతుంది. నాకు దిమ్మ తిరిగినట్టే ఆమెకీ తిరుగుతుంది. హాస్టల్లో చదివే రోజుల నుంచి దాచుకున్న ముగింపు. నా ఎనిమిదేళ్ళు ఎలాగూ మంటగలిశాయి, రెండో మనిషివి కూడా ఎందుకు?

“అవును, మొగుడే” అన్నాను.

ఆ పైన, పుస్తకం వరహాలరావుది కాబట్టి ఆయనకే ఇచ్చెయ్యడం న్యాయమని ఏదో అంటూ చెయ్యి చాపాను. ఎనిమిదేళ్ళు ఎత్తుకెళ్ళిన మనిషికి న్యాయం మూడున్నరకి గుర్తొచ్చింది. నిర్మల పుస్తకాన్ని రెండు చేతులతో పట్టుకుంది. కొంతసేపు అటూ ఇటూ లాగామనే చెప్పాలి. కనక పుల్ల పొడవడం ఆపి చూసింది.

నిర్మల నవ్వేసింది. “మొగుడు టీ కొనిచ్చి పైసలడుగుతాడేటి మేడమ్? ఆడు మొగుడు కాడని నాకు తొమ్మిదో తరగతిలోనే తెలుసు. మీరు చెప్తారో లేదోనని అడిగేను.”

నేను పుస్తకం వదిలేశాను.

“ఎనక్కే పోతాది. అందరూ ఎనక్కే పోతారు. రెండొందలు చదివేను, ఆటిల్లో నూట ముప్పై మంది ఎనక్కి పోయేరు. మరి చివర మార్చడానికి లేదు కదా, అచ్చేసీసేరు. మొదలు నేను మార్చుకున్నాను.”

హైమవతికి తను కట్టుకున్న మొదలు ఆమె చివరి నుంచి వెనక్కి చెప్పుకొచ్చింది. ఆ ఇల్లు హైమవతి తండ్రిది. ముసలావిడ బయట నుంచి వచ్చి ఉప్పు అమ్ముకుంటూ అరుగు మీద చోటడిగింది. అరుగు నుంచి ఇంట్లోకి, ఇంట్లోంచి కొట్టుగదిలోకి వచ్చింది. తాళాలు ఆవిడ బొడ్లోకి ఎలా వెళ్ళాయో చెబుతుంటే కనక ‘ఊఁ’ కొట్టింది, తనకి బాగా తెలిసిన మనిషి గురించి విన్నట్టు. హైమవతి తిరిగొచ్చింది బియ్యం కొలవడానికి కాదు. కొట్టుగది తెరవడానికి.

“పెట్టెలో ఆ ఇంటి పట్టా కాయితం ఉందనుకున్నాను నేను” అని నా వంక చూసింది. “ఏటుంది మేడమ్?”

ఈసారి అబద్ధమాడలేదు. రెండు చీరలూ, టైపు పరీక్ష పాసైన సర్టిఫికెట్టూ అని చెప్పాను. ఆమె ఆ రెంటినీ వేళ్ళ మీద లెక్కపెట్టింది.

“సర్టిఫికెట్టు పర్లేదు” అంది చివరికి.

పుస్తకం ఆమెనే ఉంచుకోమన్నాను. చెత్త మొదలని ముందే చెప్పేశాను కాబట్టి తరవాత నన్ను తిట్టుకునే హక్కు లేదన్నాను. కనక నా చేతిలోని పదహారు పేజీలూ అందుకుంది. పుస్తకం చివర ఆనించి, పైన ఒకటి, మధ్యన ఒకటి, కింద ఒకటి, మూడు వెదురు పుల్లలు గుచ్చింది. వరహాలరావు కత్తికి ఎనిమిదేళ్ళ పైన పట్టిన మరమ్మతు అర నిమిషంలో అయిపోయింది.

అప్పుడు నేనడిగాను. సరే, ఉప్పు అమ్ముకునే ఆవిడకి అరుగు మీద చోటిచ్చింది ఎవరు? తండ్రా? ఆయన అంత అమాయకుడా, లేక ఆవిడ ఏమైనా రాయించుకుందా? నిర్మల కాళ్ళు ముడుచుకుని సర్దుకుని కూర్చుంది. అసలు కథ అక్కడే ఉంది మేడమ్ అంది.

రోడ్డు మీద జీపు హారను కొట్టింది.

పరిగెత్తాను. ఈసారి కోడి లేదు, మేక ఉంది. అరకు చేరేటప్పటికి దీపాలు పెడుతున్నారు. భాస్కరరావు గారు వీధి గుమ్మంలో నిలబడి ఉన్నారు. చీరనిండా మేక వెంట్రుకలు చూసి ఏమీ అడగలేదు. చేతిలో సంచీ తేలిగ్గా ఉండటం చూసి మాత్రం ఆయన మొహంలో ఎనిమిదేళ్ళ బరువు దిగింది.

“దొరికిందా చివర?”

“దొరికింది” అన్నాను. “పరమ దరిద్రంగా ఉంది. అది కాదు గాని, దానికి మొదలు సగంలో ఆగిపోయింది. సంతరోజు మీకు సెలవేనా?”

ఆయన లోపలికెళ్ళి మంచం మీద కూర్చున్నారు. బోరులో రాయి తగిలిన రోజున ఎలా కూర్చుంటారో అలా.